ఎక్కేది శ్రీనగర్ వైపు, దిగేది మనాలి వైపు

లద్దాఖ్‌కు బండి మీద పోదామని ఇద్దరు స్నేహితులు అనుకోగానే మొదలయ్యే చర్చ ఎప్పుడూ బండి గురించే. హిమాలయనా, క్లాసిక్కా, ఎక్స్‌పల్సా? ఉన్న పల్సర్ చాలదా? అది తేలాక జాకెట్లు, ఆ తర్వాత హెల్మెట్ మీద కెమెరా ఎక్కడ బిగించాలన్న గొడవ. ఏ వైపు నుంచి ఎక్కాలన్నది మాత్రం చర్చకే రాదు. ఢిల్లీ, మనాలి, లేహ్ అని ముందు పోయినవాళ్లు చెప్పిన వరసే అందరూ పట్టుకుంటారు. ప్రయాణం సాఫీగా సాగాలా, రెండో రాత్రే మనాలి దారిలోని సర్చూ డేరాలో తల పట్టుకుని వాంతులు చేసుకోవాలా అన్నదాన్ని తేల్చేది ఎక్కువగా ఈ దిక్కే.

నా మాట ఒక్కటే. ఎక్కేటప్పుడు శ్రీనగర్, సోనమర్గ్, కార్గిల్ మీదుగా ఎక్కండి. దిగేటప్పుడు సర్చూ, కీలాంగ్, మనాలి మీదుగా దిగండి. దీన్ని తిరగేస్తే దూరం మారదు, ఖర్చు పెద్దగా మారదు, తిప్పలు మాత్రం రెట్టింపవుతాయి.

ముందు ఎత్తుల లెక్క చూద్దాం. అరకు ఘాట్ ఎక్కినా, లంబసింగిలో పొద్దున్నే మంచులో వణికినా మనం ఉండేది వెయ్యి మీటర్ల చుట్టుపక్కలే. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా పెద్ద శిఖరం కూడా 1,700 మీటర్లు దాటదు. శ్రీనగర్ ఊరే 1,585 మీటర్ల మీద ఉంది. అంటే మన కొండల అనుభవం ఎక్కడ అయిపోతుందో ఈ దారి అక్కడ మొదలవుతుంది. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. 5,300 మీటర్ల కనుమ మీద అది దాదాపు సగం.

ఇలా గాలి పలచబడ్డ చోట వచ్చే ఎత్తు జబ్బు విషయంలో డాక్టర్లు చూసేది పగలు ఎంత ఎత్తుకు పోయారని కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నారని. మూడు వేల మీటర్లు దాటాక పడక ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఎక్కడం ఆపి ఒక రోజు అక్కడే ఉండాలనీ వాళ్ల లెక్క. పగలు ఎక్కి, రాత్రికి కిందికి దిగి పడుకుంటే ఒళ్లు అలవాటు పడుతుంది.

శ్రీనగర్ నుంచి లేహ్‌కు సుమారు 420 కిలోమీటర్లు. మొదటి రోజు 200 కిలోమీటర్లు నడిపి జోజిలా కనుమ (3,528 మీటర్లు) దాటి, ద్రాస్ మీదుగా కార్గిల్‌కు దిగుతారు. కార్గిల్ ఎత్తు 2,676 మీటర్లే. పగలు ఎత్తుకు పోయారు, రాత్రికి దిగొచ్చారు. రెండో రోజు నమికా లా (లా అంటే కనుమే), దాని తర్వాత ఈ దారిలోకెల్లా ఎత్తైన ఫోతూ లా (4,108 మీటర్లు) దాటి లామాయురు మీదుగా లేహ్. ఇంకో రోజు చేతిలో ఉంటే లామాయురులోనే ఆగొచ్చు. మఠం బాగుంటుంది, పక్కనే పసుపు రంగు మట్టి దిబ్బలు, చంద్రుడి మీది నేల అని అందరూ ఫొటోలు తీసుకునేవి. ఏ రాత్రీ శ్రుతి మించదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. మనాలి 2,050 మీటర్లు. అటల్ సొరంగం 2020 అక్టోబరు 3న మొదలయ్యాక రోహ్‌తంగ్ ఎక్కే పని తప్పింది. 9 కిలోమీటర్ల సొరంగంలోంచి దూసుకుపోతే లాహౌల్ లోయలో తేలతారు. అందరూ దీన్ని లాభమనే అంటారు. ఎత్తు జబ్బు లెక్కలో ఇది నష్టం కూడా. పూర్వం రోహ్‌తంగ్ బురదలో ఇరుక్కుని సాయంత్రానికి కీలాంగ్ చేరి అక్కడ పడుకునేవాళ్లు. ఇప్పుడు మధ్యాహ్నం భోజనానికే కీలాంగ్ దాటేస్తున్నారు. ఇంకా వెలుగుంది కదా అని బారాలాచా లా (సుమారు 4,890 మీటర్లు) ఎక్కి సర్చూలో డేరా వెతుక్కుంటారు. సర్చూ 4,290 మీటర్లు. ఒక్క రోజులో పడక ఎత్తు 2,200 మీటర్లకు పైగా పెరిగింది. డాక్టరు చెప్పిన 500 ఎక్కడ, ఇది ఎక్కడ?

ఇంతకంటే పెద్ద చిక్కు సర్చూ ఉన్న చోటుతో వస్తుంది. ఎత్తు జబ్బు ముదిరితే మందు ఒకటే, వెంటనే కిందికి దిగడం. సర్చూ నుంచి దక్షిణానికి పోతే బారాలాచా అడ్డం. ఉత్తరానికి పోతే గాటా లూప్స్ 21 మలుపులు ఎక్కి, నకీ లా, ఆపైన ఐదు వేల మీటర్లు దాటిన లాచులుంగ్ లా. ఎటు పోయినా దిగడానికి ముందు ఎక్కాలి. పాంగ్ ఇంకా అన్యాయం. 4,600 మీటర్ల దగ్గర, అటు లాచులుంగ్ లాకూ ఇటు 5,328 మీటర్ల తంగ్లంగ్ లాకూ మధ్య కూర్చుని ఉంటుంది. అర్ధరాత్రి రెండింటికి స్నేహితుడికి ఊపిరాడకపోతే ఆ చీకట్లో, చలిలో, సిగ్నల్ లేని చోట ఏ దారీ తిన్నగా కిందికి పోదు. కార్గిల్ దారిలో ఈ ఇరకాటం లేదు. దారి పొడుగునా ఊళ్లు, బంకులు, కార్గిల్‌లో ఆసుపత్రి, ఎక్కడ తిరగబడ్డా కొద్ది గంటల్లో మూడు వేల మీటర్ల కిందికి వచ్చేయొచ్చు.

అయినా మనాలికే జనం ఎందుకు ఎగబడతారు? ఢిల్లీ నుంచి రాత్రి బస్సు ఉంది. దిగగానే అద్దె బండ్ల దుకాణాలు వరసగా ఉన్నాయి. అయితే ఆ అద్దె బండి లేహ్ దాకా పనికొస్తుంది, ఆ తర్వాత కాదు. బయట అద్దెకు తీసుకున్న బండ్లను ఖర్దుంగ్ లాకో పాంగాంగ్ సరస్సుకో తీసుకుపోతుంటే అక్కడి అద్దె బండ్లవాళ్లు ఆపేస్తారు. లేహ్‌లో మళ్లీ ఇంకో బండి తీసుకోవాలి. శ్రీనగర్‌లో అద్దెకు తీసుకున్నా ఇదే గతి. సొంత బండి, ఆర్‌సీ మన పేరు మీద ఉంటే ఈ గొడవ లేదు. సొంత బండి అనుకుంటే తెలుగువాళ్లకు శ్రీనగర్ దారే తిన్నన. అనంతపురం, కర్నూలు, హైదరాబాద్, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఇంకో కొస శ్రీనగరే. అంత దూరం నడపలేమంటే బండిని సికింద్రాబాద్‌లో రైలెక్కించి ఢిల్లీ నుంచో జమ్ము నుంచో మొదలుపెట్టొచ్చు. పార్శిల్ ఆఫీసుకు పోయేముందు ట్యాంకులో చుక్క లేకుండా పెట్రోలు తీసేయాలి. ఆర్‌సీ, ఆధార్ జిరాక్సులు, గోనెసంచి ప్యాకింగు, బండి మీద పేరు, చేరే స్టేషను రాసిన అట్ట ఉండాలి. అద్దాలు, ఇండికేటర్లు ఊడదీసి బ్యాగులో పెట్టుకోండి, దించేటప్పుడు ముందు విరిగేవి అవే. బండి మీరెక్కిన రైల్లోనే వస్తుందన్న హామీ ఉండదు, ఒకట్రెండు రోజులు చేతిలో ఉంచుకోండి.

శ్రీనగర్ దారి మీద చెప్పే అభ్యంతరాల్లో నిజమైనవి రెండు. ఒకటి జోజిలా. అది ఇంకా మట్టి రోడ్డే, తడిస్తే జిగురు బురద, పక్కన కంచె లేని లోయ, లారీల వరస. కొన్ని వేళల్లో ఒకవైపు బండ్లనే వదులుతారు. అమర్‌నాథ్ యాత్ర రోజుల్లో బాల్తాల్ దాకా రద్దీ. 2025 జనవరిలో సోనమర్గ్ సొరంగం తెరిచాక సోనమర్గ్ వరకు దారి బాగుపడింది గానీ జోజిలా కింద తవ్వుతున్న సొరంగం పూర్తయ్యేదాకా ఆ కనుమ ఎక్కక తప్పదు. సోనమర్గ్‌లో ముందు రాత్రి ఆగి, గేటు సమయం కనుక్కుని, తెల్లవారగానే మొదటి గుంపులో ఎక్కేయండి. రెండోది కాశ్మీర్‌లో పరిస్థితులు. అవి బాగాలేని రోజుల్లో మొండికేయొద్దు. అప్పుడు మనాలి నుంచే ఎక్కండి, కానీ ఇలా: జిస్పాలో (3,200 మీటర్లు) రెండు రాత్రులు పడుకోండి, మధ్య పగలు దార్చా పైకి కాస్త ఎక్కి దిగి రండి. మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరి సర్చూలోనూ పాంగ్‌లోనూ పడుకోకుండా ఆ రాత్రికే లేహ్ చేరండి. మూడువందల పైచిలుకు కిలోమీటర్లు, పన్నెండు పద్నాలుగు గంటల పని. నడుము విరుగుతుంది, కానీ పడక లేహ్‌లో పడుతుంది.

ఏ దారైనా మన ఊళ్లో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ మాత్రం జమ్ము కాశ్మీర్, లద్దాఖ్‌లలో పలకదు. ఇంటి దగ్గరే పోస్ట్‌పెయిడ్‌కు మారండి. ఇద్దరూ ఒకే కంపెనీ సిమ్ పెట్టుకోకండి.

ఇక పక్కన వచ్చే మనిషి గురించి. కొండల్లో స్నేహితుడు తోడుకు, కబుర్లకు, ఫొటోలకు అనుకుంటారు. అతనికి అసలు పని వేరే ఉంది. ఎత్తు జబ్బు మెదడుకెక్కినవాడికి తన జబ్బు తనకు తెలియదు. తలనొప్పి, తినబుద్ధి కాకపోవడం, నిద్ర పట్టకపోవడం మామూలు. మొదటి రెండు రోజులు చాలామందికి ఉంటాయి, అక్కడే ఆగి నీళ్లు తాగి పడుకుంటే తగ్గుతాయి. మాట ముద్దగా రావడం, గ్లవ్ వేసుకోవడానికి తంటాలు పడటం, కారణం లేకుండా విసుక్కోవడం, బండి ఎక్కుతూ తూలడం మామూలు కాదు. అప్పుడు చేయాల్సిన పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. నేల మీద గీత గీసి, ముందు కాలి మడమకు వెనక కాలి బొటనవేలు ఆనించుకుంటూ పది అడుగులు నడవమనండి. తూలితే ఇక చర్చ లేదు, కిందికి దించాల్సిందే. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోవడం, పొడి దగ్గు, నురగలాంటి కఫం పడితే అది ఊపిరితిత్తుల్లో నీరు, దానికీ అదే మందు. బాగానే ఉన్నానని అతను అనే మాటను లెక్కలోకి తీసుకోకండి. ప్రయాణానికి ముందే ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకోవాలి: ఎదుటివాడు దిగుదామంటే దిగడమే.

వేలికి తగిలించే ఆక్సీమీటరు తీసుకుపోవచ్చు గానీ దాని అంకెను పట్టుకుని వేలాడొద్దు. లేహ్‌లో దిగిన మొదటి రోజు 85, 88 చూపించడం వింతేమీ కాదు, వేళ్లు చల్లబడితే ఇంకా తక్కువ చూపిస్తుంది. కర్పూరం మూటకట్టి వాసన చూడటం మనవాళ్లకు బాగా అలవాటు. ముక్కులో చల్లగా అనిపిస్తుందే తప్ప రక్తంలో ఆక్సిజన్ వీసమెత్తు పెరగదు. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కూడా కొద్ది నిమిషాల ముచ్చటే. పనిచేసే మాత్ర డయామాక్స్. ముందు జాగ్రత్తగా వాడేది మామూలుగా 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు ముట్టకూడదు, ఎవరైనా సరే డాక్టర్ని అడిగే వేసుకోవాలి. వేళ్లు చిమచిమలాడతాయి, ఒంటికి ఎక్కువసార్లు పోవాలి. మొదటి మూడు రాత్రులు మద్యం, నిద్రమాత్ర రెండూ దూరం.

ఒక బండి మీద ఇద్దరా, రెండు బండ్లా? రెండు బండ్లే. ఇంజను లాగడం ప్రతి వెయ్యి మీటర్లకు పదో వంతు చొప్పున పడిపోతుందని రఫ్‌గా లెక్క. 411 సీసీ పాత హిమాలయన్‌కు కాగితం మీద 24 గుర్రాల బలం. తంగ్లంగ్ లా మీద మీ చేతిలో ఉండేది మన ఊళ్లో 150 సీసీ బండికుండే బలమే. బండి బరువు మాత్రం రెండువందల కిలోలే, అందులో ఎత్తు రాయితీ లేదు. దాని మీద ఇద్దరు మనుషులు, ముప్ఫై కిలోల సామాను పెడితే మొదట కాలేది క్లచ్. రాళ్ల ఎక్కుడులో హాఫ్ క్లచ్ మీద లాగితే ప్లేట్ల వాసన వస్తుంది. అప్పుడు ఇంజను ఆపి పావుగంట చల్లారనివ్వాలి. ఇంకొంచెమే కదా అని లాగితే రేస్ పెరుగుతుంది, బండి కదలదు, అక్కడ మెకానిక్ దొరకడు.

రెండు బండ్లూ ఒకే మోడలైతే ఇంకా మంచిది. సామాను సగమవుతుంది. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, బ్రేకు ప్యాడ్లు, ప్లగ్గు, ఫ్యూజులు, ముందు వెనక ట్యూబులు ఒక్కో సెట్టు చాలు, ఇద్దరూ పంచుకుని మోయొచ్చు. కొత్త క్లచ్ వైరును పాతదాని పక్కనే హ్యాండిల్ నుంచి ఇంజను దాకా లాగి ట్యాగులతో కట్టి ఉంచితే, తెగిన చోట రెండు కొసలు తగిలించుకుంటే చాలు. చలిలో ట్యాంకు విప్పే పని తప్పుతుంది. స్పోక్ చక్రాలు, ట్యూబు టైర్లు ఉన్నవాళ్లు టైరు లీవర్లు, ప్యాచులు, గాలి పంపు ఉంటే చాలనుకోకండి. ఇంటి దగ్గర ఒకసారి వెనక చక్రం మీరే ఊడదీసి, ట్యూబు మార్చి, మళ్లీ బిగించి చూడండి. పాంగ్ దాటాక వచ్చే మోరే మైదానంలో నేర్చుకునే విద్య కాదది.

పాత కార్బురేటర్ బండ్లకు ఎత్తులో పెట్రోలు ఎక్కువై గాలి తక్కువవుతుంది, ప్లగ్గు నల్లబడి ఐడిల్‌లో ఆగిపోతుంది. ఐడిల్ స్క్రూ కాస్త పెంచి, ప్లగ్గు తుడిస్తే సరిపోతుంది. ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే బాగా లాగుతుందని దారిలో ఎవరో ఒకరు సలహా ఇస్తారు. జోజిలా దుమ్ము పిస్టన్‌లోకి పోవాలనుంటే తీసేయండి. ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి పెట్రోలు తనే సర్దుకుంటుంది, బలం తగ్గడం మాత్రం దానికీ తప్పదు.

దిగుడులో మనవాళ్లు చేసే పాత తప్పు శ్రీశైలం ఘాట్ నుంచీ ఒకటే, వెనక బ్రేకు మీద కాలు తీయకుండా దిగడం. డిస్కు వేడెక్కి బ్రేకు ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బ్రేకు పడదు. డాట్ 4 ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా ఆగాలి, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోతుంది. అందుకే రెండేళ్లు దాటిన ఆయిల్‌ను బయల్దేరే ముందే మార్పించండి. ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగండి. మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వదిలేయండి.

ఇద్దరిలో నెమ్మదిగా నడిపేవాడు ముందుండాలి. వేగంగా పోయేవాడు ముందుంటే వెనకవాడు అందుకోవాలని తన చేతికి మించి నడుపుతాడు, పడేది అప్పుడే. ముందువాడు అద్దంలో వెనక హెడ్‌లైటు కనబడకపోతే ఆగాలి, రెండు నిమిషాల్లో రాకపోతే వెనక్కి తిరగాలి. దారి చీలిన చోట రెండోవాడు వచ్చేదాకా కదలకూడదు. ఇంటర్‌కమ్ ఉన్నా ఈ మూడూ ఉండాల్సిందే, చలికి బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది.

లేహ్‌లో రెండు రాత్రులు ఊరికే ఉండండి. ఖర్దుంగ్ లా మీద 18,380 అడుగులని బోర్డు పెట్టారు గానీ కొలిస్తే తేలింది 5,359 మీటర్లు, అంటే 17,600 అడుగులు దాటదు. అది దాటి నుబ్రా లోయకు దిగితే లేహ్ కంటే కిందే పడక. తర్వాత పాంగాంగ్‌లో (సుమారు 4,250 మీటర్లు) ఒక రాత్రి. వారం గడిచాక ఇప్పుడు మనాలి దారి పట్టండి. అప్పుడు సర్చూ భయపెట్టదు, అంత ఎత్తులో అప్పటికే పడుకుని లేచారు.

తిరుగు దారిలో సర్చూలో ఆగమనేది నీళ్ల కోసం కూడా. బారాలాచా దాటాక జింగ్‌జింగ్‌బార్ చుట్టుపక్కల వాగులు మంచు కరిగి వచ్చేవి. ఎండెక్కేకొద్దీ పొంగుతాయి, పొద్దున్నే పిక్కల లోతు ఉన్నది మధ్యాహ్నం మూడింటికి మోకాళ్లు దాటుతుంది. లేహ్ నుంచి ఒకే రోజులో జిస్పాకు దిగాలని చూస్తే సరిగ్గా ఆ వేళకే అక్కడికి చేరతారు. సర్చూలో పడుకుని ఆరింటికి బయల్దేరితే వాగు ఇంకా నిద్రలేవదు. ఒకరు గట్టు మీద నిలబడి చూస్తుండగా ఇంకొకరు దాటాలి. లారీ చక్రాలు పోయిన జాడలోనే పోండి, అక్కడ రాళ్లు సర్దుకుని ఉంటాయి. ఫస్ట్ గేరు, ఒకే రేస్, ఫుట్‌రెస్ట్‌ల మీద లేచి నిలబడి చూపు అవతలి గట్టు మీద పెట్టాలి. మధ్యలో క్లచ్ పట్టకూడదు, ముందు చక్రం ఎదురుగా ఉన్న నీళ్లు చూడకూడదు. నీళ్లు ఇరుసు దాటి ఉంటే ఆగి తగ్గేదాకా టీ తాగడం ఉత్తమం. బండి పడి మునిగితే సెల్ఫ్ నొక్కకండి. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్గు విప్పి, ఇంజను తిప్పి నీళ్లు బయటికి చిమ్మించి, ఫిల్టర్ ఆరబెట్టి అప్పుడు స్టార్ట్ చేయాలి. దాటాక ఒకట్రెండుసార్లు బ్రేకు మెల్లగా పట్టి ప్యాడ్లు ఆరనివ్వండి, చైన్‌కు నూనె కొట్టండి. తడిసిన సాక్సు మీద పాలిథిన్ కవరు కాకుండా, పొడి సాక్సు, దాని మీద కవరు, ఆపైన బూటు.

పెట్రోలు లేహ్ దగ్గరి కారూ ఊరి బంకులో ముంచి నింపుకోవాలి. అక్కడి నుంచి కీలాంగ్ దాటాక వచ్చే తాండీ దాకా సుమారు 330 కిలోమీటర్లలో బంకు మీద ఆశ పెట్టుకోవద్దు. 13 లీటర్ల క్లాసిక్ 350 కొండల్లో లీటరుకు 27 ఇచ్చినా లెక్క 350 దగ్గర ఆగుతుంది, అది మరీ ఇరుకు. బండికో ఐదు లీటర్ల డబ్బా కట్టండి. మంచినీళ్ల సీసాల్లో పోయకండి. చిప్స్ ప్యాకెట్లు బుడగల్లా ఉబ్బే ఎత్తులో ఆ సీసాలూ ఉబ్బి మూత దగ్గర కారతాయి. డబ్బా మూత కూడా మెల్లగా తిప్పి ఆవిరి పోనిచ్చి తెరవాలి, ఇంజను వేడి మీద ఉండగా కాదు.

టైర్ల గాలికీ ఇదే సూత్రం. శ్రీనగర్‌లో నింపిన గాలి తంగ్లంగ్ లా మీద, వేడి మారకపోతే, 4, 5 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. చలి అందులో కొంత కోసేస్తుంది కాబట్టి పైన కంగారుపడి వదిలేయక్కర్లేదు. తిరకాసంతా దిగేటప్పుడే. లేహ్‌లో ఎగుడుదిగుడు రోడ్డు కోసం గాలి తగ్గించుకున్నవాళ్లు అలాగే మైదానానికి దిగితే బయటి ఒత్తిడి పెరిగి టైరు ఇంకా మెత్తబడుతుంది. మనాలిలో పొద్దున్నే, బండి కదపక ముందే, చల్లగా ఉన్న టైరుకు గాలి కొలిపించి, కంపెనీ చెప్పిన అంకెకు నింపి, అప్పుడు చండీగఢ్ రోడ్డు ఎక్కండి.